తోలు హోల్‌స్టర్ కొనేముందు

లైసెన్సుతో పిస్టల్‌ని బట్టల కింద పెట్టుకుని తిరిగేవాళ్లు తోలు హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) మెత్తగా ఉందా లేదా అనేదే ముందు చూస్తారు. నిజానికి ముందు చూడాల్సింది ట్రిగ్గర్ దగ్గర. ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు, మొత్తం తోలు కింద దాగాలి. పిస్టల్ బయటికి తీశాక కూడా హోల్‌స్టర్ నోరు మూసుకుపోకుండా నిలబడాలి. అంచు మెత్తబడి లోపలికి మడత పడితే, పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు ఆ మడతే ట్రిగ్గర్‌ని నొక్కేయగలదు. అలా అయిపోయిన పాత హోల్‌స్టర్ ఎంత హాయిగా ఉన్నా, దయచేసి వాడకండి.

ఇక సౌకర్యం సంగతి. అది సగం బెల్టులోనే ఉంది. పల్చటి బెల్టు బరువుకి వాలిపోతుంది, పిస్టల్ నడుముకి గుచ్చుకుంటుంది. గట్టి బెల్టు, హోల్‌స్టర్‌కి ఆ బెల్టు వెడల్పుకి సరిపోయే లూపులు కావాలి. ప్యాంటు లోపల పెట్టుకునే రకమైతే నడుము కొలత ఒకటి రెండు అంగుళాలు ఎక్కువున్న ప్యాంటు తీసుకోండి. ఒంటికి తగిలే వైపు తోలు కాస్త పైదాకా ఉంటే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) చర్మానికి రాసుకోదు, పిస్టల్‌కి చెమట కూడా తక్కువ తగులుతుంది. పెట్టుకుని చూసేటప్పుడు కూర్చోండి, వంగండి. నిలబడితే ఏదైనా బాగానే అనిపిస్తుంది.

కొత్తది మరీ బిగుతుగా ఉంటే నూనె రాయకండి, తోలు మెత్తబడి పట్టు పోతుంది. పిస్టల్ ఖాళీ చేసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) రెండుసార్లు చూసుకుని, పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి రాత్రంతా హోల్‌స్టర్‌లోనే, తాళం వేసిన చోట ఉంచండి. ఆ తర్వాత మాత్రం పిస్టల్‌ని తోలులో దాచిపెట్టొద్దు, తేమకి తుప్పు పడుతుంది.