అభిమాన రచయితతో ఏళ్ళ తరబడి వేగడం ఎలా (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పిచ్చోళ్ళకి మాత్రమే)

ఫోన్ చూస్తూ ఉంటే ఒక వార్త కనబడుతుంది, ఫలానా రచయిత ఇక లేరు అని. మీరు ఆ మనిషిని ఎప్పుడూ కలవలేదు, ఆయనకి మీరనేవాళ్ళు ఒకరున్నారని కూడా తెలీదు, అయినా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, పక్కనున్నవాళ్ళు కంగారుపడి ఎవరు పోయారు అని అడిగితే నోట మాట రాదు, చుట్టమా అంటే కాదు, ఫ్రెండా అంటే కాదు, చివరికి "ఒక రచయిత" అని గొణిగితే "ఓ, అంతేనా" అంటారు. ఆ "అంతేనా" దగ్గర ఎప్పుడైనా ఒళ్ళు మండినవాళ్ళుంటే ఇది వాళ్ళకే. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు గానీ కొంచెం పిచ్చిగా అనిపించొచ్చు.

ఇది ఎందుకిలా అవుతుందో ముందు ఒప్పేసుకుంటే సగం పని అయిపోతుంది. 1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి పారాసోషల్ అని పేరు పెట్టారు, అంటే ఒక వైపు నుంచే నడిచే బంధం. కాకపోతే వాళ్ళు రాసింది అప్పటి టీవీ, రేడియోల్లో కబుర్లు చెప్పేవాళ్ళ గురించి, పుస్తకాల సంగతి ఇంకా ముదిరిన కేసు. ఒక డిటెక్టివ్ కథ నచ్చితే ఆ ఊరు నిజంగానే ఉంటుంది, ఆ వీధుల్లో ఇంకొకరు ఇంకో కథ రాస్తారు. ఫాంటసీలో అలా కుదరదు కదా. ఆ రెండు చందమామలు, ఆ డ్రాగన్ల వంశవృక్షం, ఆ భాషకున్న వ్యాకరణం అన్నీ ఒక్క తలకాయలోనే ఉన్నాయి, ఆ తలకాయకి జ్వరమొస్తే ఒక ప్రపంచం మొత్తానికి జ్వరమొచ్చినట్టే. పైగా మనం అక్కడికి పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు వెళ్ళుంటాం, సిరీస్ అయిపోయేసరికి ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు కూడా వచ్చేసి ఉంటాయి. అన్నేళ్ళు తోడున్న గొంతు మీద మమకారం పుట్టకపోతేనే వింత.

సరే, ఇక చేయాల్సిన పనులు. మొదటిది, మీరు ప్రేమిస్తున్నది సరిగ్గా దేన్నో తేల్చుకోండి. మనిషినా, ఆ కథ చెప్పే గొంతునా, లేకపోతే అది చదివిన వయసులో ఉన్న మిమ్మల్నా? దీనికో చిన్న టెస్ట్ ఉంది, ఆ రచయిత వేరే లోకంలో రాసిన ఇంకో పుస్తకమో, వ్యాసాల సంపుటమో తీసి చదవండి. అక్కడ కూడా అదే హాయి దొరికితే మీకు గొంతు మీద ప్రేమ. దొరక్కపోతే ఆ ప్రపంచం మీద. పాతదే మళ్ళీ చదివితే కథకంటే ఎక్కువగా ఆ రోజుల్లో పడుకున్న మంచం, వేసవి సెలవులు గుర్తొస్తున్నాయంటే మూడోది, అందులో తప్పేం లేదు, కానీ ఆ లెక్కన రచయిత కొత్త పుస్తకం రాసినప్పుడల్లా మీకు నచ్చదు, ఎందుకంటే ఆయన ఎంత బాగా రాసినా మీకు మళ్ళీ పద్నాలుగేళ్ళు రావు.

ఈ గొంతు వేరు మనిషి వేరు అన్న సంగతి నాకు బాగా తలకెక్కించింది జేమ్స్ టిప్ట్రీ జూనియర్ కథే. 1960ల చివర్నుంచి ఆ పేరుతో అద్భుతమైన సైన్స్ ఫిక్షన్ కథలు వస్తుండేవి, ఆయన్ని చూసినవాళ్ళు లేరు, ఉత్తరాలు మాత్రం తెగ రాసేవాడు, ఉర్సులా లె గ్విన్‌తో సహా చాలామంది రచయితలకి కలం స్నేహితుడు. రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అంతటి రచయిత 1975లో ఆ కథల సంపుటికి ముందుమాట రాస్తూ ఈ రాతలో ఖచ్చితంగా మగతనం ఉంది, ఇది ఆడమనిషి అనడం అర్థంలేని మాట అన్నట్టు తేల్చేశాడు. 1977 కల్లా అందరికీ తెలిసిపోయింది, టిప్ట్రీ అంటే ఆలిస్ షెల్డన్ అని, అరవై దాటిన ఆవిడ. (టిప్ట్రీ అన్న పేరు ఒక జామ్ సీసా మీదనుంచి తీసుకున్నారట, అది నాకు భలే ఇష్టమైన ముక్క.) సిల్వర్‌బర్గ్ తర్వాత తప్పు ఒప్పుకున్నాడు. కథల్లో మాత్రం ఒక్క అక్షరం మారలేదు చూడండి. ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నవాళ్ళకే తెలీనప్పుడు ఇంటర్వ్యూలు చూసి ఆయన నాకు బాగా తెలుసు అనుకోవడం మన అమాయకత్వం.

రెండోది ఎదురుచూపు, అసలు బాధంతా ఇక్కడే. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ సిరీస్‌లో (టీవీలో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌గా వచ్చింది ఇదే) అయిదో పుస్తకం వచ్చింది 2011 జులైలో, ఆరోదాని కోసం అప్పట్నుంచి చూస్తూనే ఉన్నారు జనం, మొదటిది 1996లో వచ్చిందంటే చూసుకోండి. ఇలాంటప్పుడు చాలామంది చేసే ఛండాలపు పని ఒకటుంది, రచయిత వయసు, బరువు, ఆరోగ్యం లెక్కలేసి "ఈయన పూర్తిచేసేలోపే పోతాడేమో" అని పబ్లిక్‌గా మాట్లాడుకోవడం. దయచేసి అది చేయకండి, ఆ మాటలు ఆ మనిషి కూడా చదువుతాడు. ఆయన పెట్టిన ప్రతి పోస్ట్ కింద, అది పిల్లి ఫోటో అయినా సరే, "పుస్తకం ఎప్పుడు" అని అడగడం కూడా అంతే, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నట్టు ఉంటుంది. మనం కొన్న పుస్తకానికి డబ్బులిచ్చాం, ఆ పుస్తకం మనకి వచ్చింది, లెక్క అక్కడితో సరి.

ఆలస్యమంటే బద్ధకమే అని కూడా అనుకోకండి. సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో ఒకటి, 1998లో ఒకటి రాసి, అదే వరసలో మూడో నవల మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో హంటింగ్టన్ లైబ్రరీలో ఆవిడ కాగితాలు ఉన్నాయి, వాటిల్లో ఆ మూడో పుస్తకం మొదలుపెట్టి ఆపేసినవి, మళ్ళీ మొదలుపెట్టి ఆపేసినవి బోలెడు. 2006లో 58 ఏళ్ళకే పోయారు. నవల రాలేదు, కానీ అన్నిసార్లు మొదలుపెట్టిన మనిషిని బద్ధకస్తురాలు అని ఎవరైనా అనగలరా?

ఒక్కోసారి ఆలస్యమే మంచిదవుతుంది. లె గ్విన్ తన ఫాంటసీ సిరీస్‌లో మూడోది 1972లో రాసి, నాలుగోది 1990లో తెచ్చారు, పద్దెనిమిదేళ్ళు. ఈలోపు ఆవిడ మారారు, ఆ ప్రపంచంలో ఆడవాళ్ళు ఎక్కడున్నారు అన్న ప్రశ్న పట్టుకుని తిరిగొచ్చారు, పాత పాఠకుల్లో కొందరు గింజుకున్నారు కూడా. తమాషా ఏంటంటే ఆ నాలుగోదాని మీద ఇదే చివరి పుస్తకం అని వేశారు, 2001లో ఇంకో రెండు వచ్చాయి. కాబట్టి రచయిత "అయిపోయింది" అన్నా నమ్మక్కర్లేదు, "వస్తోంది" అన్నా నమ్మక్కర్లేదు. ఈలోపు చేయగలిగింది ఒకటి చెప్తా, నాకు బాగా పనిచేసింది. ఉన్న పుస్తకాల్నే ఈసారి హీరో వెనకాల కాకుండా మీకు అస్సలు నచ్చని పాత్ర వెనకాల నడుస్తూ చదవండి, అదే పుస్తకం కొత్తగా కనబడుతుంది. అదీ అయిపోతే మీ రచయితకి ఎవరంటే ఇష్టమో కనుక్కుని వాళ్ళని చదవండి, మనవాడు ఎక్కడెక్కడ ఏమేం కొట్టేశాడో దొరికిపోతుంది, అదొక ఆనందం.

ఇక పోయినప్పుడు. మొదటి వారం ఆయన పుస్తకం ఏదీ తెరవకండి అంటాను నేను, వింతగా ఉంటుంది గానీ, ఆ వారంలో చదివితే ప్రతి వాక్యం వీడ్కోలులాగే వినబడుతుంది, నవ్వాల్సిన చోట నవ్వు రాదు, ఆ పుస్తకం ఇక ఎప్పటికీ చావు కబురుతోనే అతుక్కుపోతుంది. ఫాంటసీలో కడుపుబ్బ నవ్వించిన టెర్రీ ప్రాచెట్ 2015 మార్చి 12న పోయారు, 66 ఏళ్ళు, అల్జీమర్స్ ఉందని 2007లోనే చెప్పేశారు కాబట్టి అందరికీ తెలిసి జరిగిందే, అయినా తెలియడం వేరు, ఆ రోజు వేరు. నేనప్పుడు తెలివితక్కువగా అదే రాత్రి ఆయన పుస్తకం ఒకటి తీశాను, ఇప్పటికీ అది చదువుతుంటే జోకుల దగ్గర గొంతు పట్టేస్తుంది.

చదవడం కాకుండా చేతులకి ఏదో ఒక పని పెట్టండి. ప్రాచెట్ పాఠకులు చేసింది చూడండి. ఆయన 2004 నవలలో కబుర్లు మోసే టవర్ల వరస ఒకటి ఉంటుంది, అందులో పనిచేస్తూ చనిపోయినవాళ్ళ పేరు ఆ లైన్‌లో అటూ ఇటూ తిప్పుతూనే ఉంటారు, పేరు తిరిగినంతకాలం మనిషి ఉన్నట్టే అని. ఆయన పోయాక కంప్యూటర్ తెలిసిన పాఠకులు అచ్చం అలాగే తమ వెబ్‌సైట్ల హెచ్‌టీటీపీ హెడర్లలో ఆయన పేరు దాచిపెట్టారు, పేజీ తెరిచినవాళ్ళకి కనబడదు, కానీ పేజీ కదిలినప్పుడల్లా పేరు కూడా వెళ్తుంది. సంతాప సభలన్నీ కలిపినా దీనికి సాటిరావు అనిపించింది నాకు. డగ్లస్ ఆడమ్స్ 2001 మే 11న 49 ఏళ్ళకే పోతే రెండు వారాలకి, మే 25న, పాఠకులు రోజంతా ఒక టవల్ వెంటబెట్టుకుని తిరిగారు (అంతరిక్షంలో తిరిగేవాడికి టవల్‌ని మించిన వస్తువు లేదని ఆయన కథలో ఉంటుంది లెండి), అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు, ఆయన పుట్టినరోజు జనవరి 3, ఆ రాత్రి తొమ్మిదింటికి ఎవరి ఊళ్ళో వాళ్ళు గ్లాసెత్తి "ప్రొఫెసర్" అంటారు, అంతే, మంచినీళ్ళైనా పర్లేదు. మీ రచయితకి ఇలాంటిది లేకపోతే మీరే ఒకటి పెట్టుకోండి, ఒక్కరే చేసుకున్నా చెల్లుతుంది.

మిగిలిపోయిన రాతల గురించి ఒక మాట. ప్రాచెట్ తన పూర్తికాని రచనలు ఎవరూ చూడకూడదని కోరుకున్నారు, అందుకని 2017 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో ఒక ఆవిరి ఇంజన్ల ఉత్సవంలో ఆయన హార్డ్ డ్రైవ్ మీదనుంచి పాతకాలం స్టీమ్ రోలర్ తోలించారు. ఆయన కథల్లోంచి ఊడిపడ్డట్టే ఉంది కదా. ఇంకోవైపు రాబర్ట్ జోర్డాన్, ఆయన 2007 సెప్టెంబర్‌లో పోయేనాటికి పెద్ద సిరీస్ మధ్యలో ఉంది, నోట్స్, కొన్ని సీన్లు వదిలి వెళ్ళారు. ఆయన భార్య, ఎడిటర్ కూడా ఆవిడే, హ్యారియెట్ మెక్‌డూగల్, దాన్ని పూర్తిచేయడానికి బ్రాండన్ శాండర్సన్ అనే రచయితని ఎంచుకున్నారు. ఎలా అంటే, జోర్డాన్ పోయినప్పుడు శాండర్సన్ ఒక పాఠకుడిగా తన బాధ రాసుకున్నాడు, అది ఆవిడ కంటబడింది. ఒక పుస్తకం అనుకున్నది మూడయ్యి 2013 జనవరికి పూర్తయింది. ఇలాంటివి చదవాలా వద్దా అంటే, చదవండి, కానీ పాత గొంతు కోసం వెతుక్కుంటూ చదవకండి, మనలాగే ఏడ్చిన ఇంకో పాఠకుడు రాశాడు అనుకుని చదవండి. అసలు సిరీస్ అయిపోయిందన్న దిగులుతో సొంతంగా రాసుకోవడం కూడా మంచి మందే. చైనా సైన్స్ ఫిక్షన్ రచయిత లియు సిషిన్ మూడు నవలల వరస 2010లో ముగియగానే బావ్‌షూ అనే పాఠకుడు ఆ దిగులులో కొనసాగింపు రాసి నెట్‌లో పెట్టేశాడు, అది తర్వాత అనుమతితో పుస్తకంగా అచ్చయింది. మీది అచ్చవ్వకపోయినా పర్వాలేదు, డ్రాయర్‌లో పెట్టుకోండి.

పోవడంకంటే కష్టమైంది ఇంకోటి ఉంది, రచయిత బతికుండగానే, లేదా పోయిన ఇన్నేళ్ళకి, మనసు విరిగే సంగతి తెలియడం. భయపెట్టే కథలకి పేరుమోసిన పాతకాలం రచయిత లవ్‌క్రాఫ్ట్ జాతి ద్వేషం దాచిపెట్టిన విషయమేం కాదు, ఉత్తరాల నిండా ఉంది. వరల్డ్ ఫాంటసీ అవార్డు అంటే దశాబ్దాలపాటు ఆయన తలబొమ్మే ఇచ్చేవాళ్ళు. 2011లో అది గెలిచిన నెడీ ఒకోరాఫోర్, నల్లజాతి రచయిత్రి, ఆ తలని ఇంట్లో పెట్టుకోవడంలో ఉన్న ఇబ్బంది గురించి బాహాటంగా రాశారు, 2015లో ఆ బొమ్మ మానేస్తున్నట్టు ప్రకటించారు. అవార్డు ఉంది, బొమ్మ మారింది. మీ ఇంట్లో కూడా అలా విడదీసి ఆలోచించండి. కొత్త పుస్తకానికి డబ్బు పెట్టాలా, అన్నది ఒకటి. పాతవి షెల్ఫ్‌లో ఉంచాలా, అన్నది ఇంకోటి. అప్పట్లో అది చదివి మీకు కలిగిన ధైర్యం నిజమేనా, అన్నది అసలు ప్రశ్నే కాదు, అది మీకు జరిగింది, దాన్ని ఆయన కూడా వెనక్కి తీసుకోలేడు. మొదటి రెండింటికీ అదే రోజు జవాబు చెప్పేయాలని రూలేం లేదు. నేను ఒకాయన పుస్తకాలు రెండేళ్ళు వెనక్కి తిప్పి పెట్టాను, వెన్ను గోడవైపు, ఇంకా తేల్చుకోలేదు. ఒక్కటి మాత్రం, ఆయన తరఫున లాయర్‌లా వాదించడం మొదలుపెడితే ఆగండి, మీరు కాపాడుతున్నది ఆయన్ని కాదు, మీ చిన్నతనాన్ని.

ఉత్తరం రాయాలనుకుంటే బతికుండగా రాసేయండి, పదేళ్ళు మనసులో తిప్పుకోకండి. చిన్నది, అర పేజీ. "మీరు గొప్పవారు" అని కాదు, ఫలానా పుస్తకంలో ఫలానా ముసలావిడ తలుపు మూసే సీన్ నేను హాస్పిటల్ వరండాలో చదివాను, ఆ రాత్రి గడిచింది, ఇలా రాయండి. తర్వాతి పుస్తకం గురించి అడగొద్దు. కథకి ఐడియాలు అస్సలు పంపొద్దు, రేపు అలాంటిదే ఏదైనా రాస్తే లీగల్ గొడవలొస్తాయని చాలామంది రచయితలు అలాంటి ఉత్తరాలు చదవకుండానే పక్కన పెట్టేస్తారు, మీ మంచి మాటలు కూడా వాటితోపాటే పోతాయి. జవాబు రాకపోతే రాలేదు. సంతకాల లైన్లో కలిసే ఛాన్స్ వస్తే ఒకే ఒక్క వాక్యం ముందే అనుకుని వెళ్ళండి, నోరు ఎలాగూ ఎండిపోతుంది.

చివరగా, ఆఖరి పుస్తకం సంగతి. చాలామంది ఇష్టమైన రచయిత రాసిన చివరిది ఒకటి చదవకుండా దాచుకుంటారు, అదొక్కటీ ఉన్నంతవరకు ఆయన ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టు. నేనూ దాచాను. దీన్ని పిచ్చి అనేవాళ్ళతో వాదించొద్దు, కానీ దాస్తే సరిగ్గా దాచండి, వెనక అట్ట మీద రాసింది చదవొద్దు, ఎవరైనా దాని గురించి మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోండి, ముఖ్యంగా ఎవరికీ అరువివ్వొద్దు. నాది ఒకసారి మా కజిన్ తీసుకెళ్ళి నాలుగు నెలల తర్వాత తెచ్చిచ్చింది, మధ్యలో ఎక్కడో బస్ టికెట్ పెట్టి ఉంది గుర్తుగా. అక్కడితో ఆపేసిందో, మొత్తం చదివేసి తీయడం మర్చిపోయిందో నేను అడగలేదు, ఆ టికెట్ కూడా తీయలేదు.