నీళ్ల తగాదాకు మధ్యవర్తిగా వెళ్తున్నారా? జాగ్రత్తలు

ఎండలు ముదురుతున్నాయి. విశాఖలో ఎంవీపీ కాలనీ అయినా గాజువాక అయినా, ట్యాంకర్ ఖర్చు దగ్గర అపార్ట్‌మెంట్లలో మాటామాటా పెరిగే రోజులివి. పెద్దమనిషిగా మిమ్మల్ని పిలిస్తే, కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

– ఒకరు విడిగా చెప్పిన మాట, వారి అనుమతి లేనిదే రెండోవారి చెవిన వేయకండి. "పై అంతస్తువారు సగం ఇస్తారట" అని నోరు జారారో, అవతలివారు ముప్పావు అడుగుతారు. ఆ తర్వాత మీ ముందు ఎవరూ మనసు విప్పరు.

– ఏ పక్షంతోనైనా చుట్టరికమో బాకీయో ఉంటే మొదటే చెప్పండి. తర్వాత బయటపడితే కుదిరిన ఒప్పందాన్నీ అనుమానిస్తారు.

– నిర్ణయం తీసుకోగలవారే వచ్చారా? అద్దెకున్నవారు ఒప్పుకున్నంత మాత్రాన యజమాని ఒప్పుకున్నట్టు కాదు.

– తీర్పు చెప్పకండి. రచ్చబండ అలవాటు మనకు అంత తేలిగ్గా పోదు లెండి. "మోటారు ఎవరు వేయాలి?" అంటే పంతాలు లేస్తాయి, "మీకు నీళ్లు ఏ వేళకు కావాలి?" అంటే అవసరాలు బయటికొస్తాయి.

– ఎవరు, ఎంత, ఎప్పటిలోగా: కాగితంపై రాసి సంతకాలు తీసుకోండి. కోర్టు డిక్రీతో సమానమైన బలం కావాలంటే లోక్ అదాలత్‌కు పంపండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం అక్కడి అవార్డుపై, అంటే రాజీతో ఇచ్చే తీర్పుపై, అప్పీలు ఉండదు.

– చేయి చేసుకునేదాకా వెళ్తే పోలీసులకు చెప్పండి, మీరు తప్పుకోండి.