కోర్టు పనిలో కృత్రిమ మేధ – 3వ పాఠం: సైటేషన్‌ను సరిచూడటం

కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా కోర్టుల కోసం తెచ్చిన విధానాన్ని గత పాఠంలో చదువుకున్నాం. నిర్ధారణలు, ఉత్తర్వులు, తీర్పులు కృత్రిమ మేధతో చేయించకూడదనీ, అది ఇచ్చిన ప్రతి సైటేషన్‌నూ (ఏ తీర్పు, ఏ పుస్తకంలో, ఏ పుటలో ఉందో చెప్పే ఆధారాన్ని) మనిషి సరిచూడాలనీ అందులో ఉంది. అది న్యాయమూర్తులకూ సిబ్బందికీ పెట్టిన నియమం. కానీ కాగితం ముందుగా దాఖలయ్యేది న్యాయవాదులమైన మన సంతకంతోనే. అందుకే జూనియర్లు మొదట నేర్చుకోవలసిన పని ఇది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత ఐపీసీ 498ఎ (భార్యను భర్త, అత్తింటివారు హింసించడం) కేసులో ముందస్తు బెయిల్ పిటిషన్ రాస్తున్నారు. చాట్‌జీపీటీని అడిగితే ఈ వాక్యం వచ్చిందనుకోండి: ‘ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టును సుప్రీంకోర్టు నిషేధించింది – అర్నేష్ కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్, (2014) 8 ఎస్‌సీసీ 273.’

మొదట అంకెలు చూడండి. ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్టు తీర్పులు అచ్చయ్యే ‘సుప్రీం కోర్ట్ కేసెస్’ సంపుటాలు. 2014 సంవత్సరం, 8 సంపుటం, 273 పుట. ఆ సంపుటం చేతికందితే 273వ పుట తెరవండి. అందకపోతే సుప్రీంకోర్టు తన తీర్పులను ఆన్‌లైన్‌లో ఉంచే ఈ-ఎస్‌సీఆర్‌లో పార్టీల పేర్లతో వెతకండి, అది అందరికీ ఉచితం. అక్కడ కనిపించే రిపోర్టు అంకెలు వేరుగా ఉంటాయి, కంగారు పడవద్దు. పేర్లు, తేదీ, ధర్మాసనం కలిస్తే చాలు. ఈ తీర్పు 2014 జూలై 2న వచ్చింది. ధర్మాసనంలో జస్టిస్ చంద్రమౌళి కుమార్ ప్రసాద్, జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ ఉన్నారు. పేరు నిజమే, అంకెలూ నిజమే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తీర్పు తెరిచి చదివితే ‘నిషేధం’ ఎక్కడా కనిపించదు. అవసరం లేకుండా, యాంత్రికంగా అరెస్టు చేయవద్దని కోర్టు చెప్పింది. అరెస్టుకు కారణాలు రాసి మేజిస్ట్రేటు ముందు పెట్టాలని పోలీసులకు చెప్పింది. యాంత్రికంగా రిమాండు ఇవ్వవద్దని మేజిస్ట్రేటుకు చెప్పింది. ‘నిషేధించింది’ అని మీరు వాదిస్తే పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) లేచి ఒక్క పేరా చదువుతారు. దాంతో మీ వాదనలో నిజంగా బలమున్న భాగం కూడా కొట్టుకుపోతుంది. నష్టపోయేది కటకటాల అంచున నిలబడిన మీ కక్షిదారు. లేని తీర్పు వెతికితే దొరకదు కాబట్టి పట్టుబడుతుంది. ఉన్న తీర్పుకు అంటగట్టిన అబద్ధం చదివితే తప్ప పట్టుబడదు.

ఇంకొక మాట. ‘ఈ తీర్పు నిజమేనా?’ అని మళ్లీ ఆ యంత్రాన్నే అడగవద్దు. న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో ఒక న్యాయవాది అదే చేశారు. నిజమేనని చాట్‌జీపీటీ జవాబిచ్చింది. అది ఇచ్చిన తీర్పులు అసలు లేవు. 2023 జూన్‌లో జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా విధించారు. సాక్షి నిజం చెబుతున్నాడా అని ఆ సాక్షినే అడిగి ఊరుకునే న్యాయవాది ఉంటాడా?

సరిచూసిన తీర్పు పక్కన పేరా నంబరు, చూసిన తేదీ పెన్సిలుతో రాసుకోండి. సీనియర్ అడిగినప్పుడు ఆ రెండూ చెప్పగలగాలి.

అభ్యాసం: పుట్టస్వామి తీర్పు, (2017) 10 ఎస్‌సీసీ 1. గోప్యత హక్కుపై 9 మంది న్యాయమూర్తులు కూర్చున్న కేసు ఇది, ఇందులో 6 వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఈ తీర్పు నుంచి గోప్యతపై ఒక వాక్యం ఇమ్మని మీరు వాడే యంత్రాన్ని అడగండి. ఆ వాక్యం తీర్పులో ఉందా, ఉంటే ఏ న్యాయమూర్తి రాసింది, ఏ పేరాలో ఉందో కనుక్కోండి. ఒక గంట పట్టవచ్చు, పట్టనివ్వండి. తెలుగు వాంగ్మూలాన్ని యంత్రంతో ఇంగ్లీషులోకి మార్పించినప్పుడు ఏం చూడాలో 4వ పాఠంలో చదువుదాం.