నీడలో తోట – 4వ పాఠం: ఫెర్న్ పెట్టాలా, కనకాంబరం పెట్టాలా?

పోయిన పాఠంలో ఫెర్న్ కుండీ ఒకటి తెచ్చుకోమన్నాను. వారం తిరగకముందే చాలామంది ఒకే ఫొటో పంపారు: ఆకు వెనక గోధుమరంగు చుక్కలు. పురుగు పట్టిందని టెన్షన్ పడి కొందరు మందు కొట్టారు. మిర్యాలగూడ అక్క ఒకామె ఆకులన్నీ కత్తిరించేసింది. అందుకే ముందు ఆ చుక్కల సంగతి చూద్దాం.

అది పురుగు కాదు. ఫెర్న్‌కు పువ్వూ ఉండదు, విత్తనమూ ఉండదు. ఆ చుక్కల్లో ఉండేవి సిద్ధబీజాలు, వాటితోనే దాని సంతానం. ఆకును తిప్పి దగ్గరగా చూడండి. నడి ఈనెకు రెండు పక్కలా, గుండీలు కుట్టినట్టు వరుసగా ఉంటాయి. పొలుసు పురుగైతే ఆ వరుస ఉండదు. ఎక్కడ పడితే అక్కడ, కాడ మీద కూడా అంటుకొని ఉంటుంది. గోటితో గీకితే పెచ్చులా ఊడి వస్తుంది. చాలాసార్లు ఆకు జిగటగా ఉంటుంది, చీమలు తిరుగుతాయి. వరుస కనబడితే మందు ముట్టుకోకండి. ఫెర్న్ ఆకు సున్నితం, చాలా మందులకు మాడిపోతుంది.

ఇక ఎంపిక. నల్లమల వాగుల పక్కన తడి రాళ్ల మీద ఫెర్న్ దానంతటదే పెరుగుతుంది. మన నల్లగొండ, పాలమూరు ఇళ్లలో నీడ ఉన్నా తడి ఉండదు, ఎండాకాలం వడగాలి. నేనైతే జాలారి (గిన్నెలు, బట్టలు కడిగే చోటు) పక్కన గోడ నీడలో మాత్రమే ఫెర్న్ పెడతాను, అదీ సబ్బునీళ్లు తగలని చోట. వేపచెట్టు కింద వద్దు. నేలలో తడినంతా వేర్లే లాగేస్తాయి. అక్కడ కొమ్మల సందుల్లోంచి ఎండ పడుతుంటే కనకాంబరం, నందివర్ధనం పెట్టండి. ఎండాకాలం వీటికీ నీళ్లు తప్పవు. నూరువరహాలు కూడా పూస్తుంది కానీ, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అందుకే నాకది అంత ఇష్టం లేదు. మందార నీడకు పనికిరాదు.

అభ్యాసం: వచ్చే ఆదివారం పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాకా, గంటగంటకూ మీ జాగాలో ఎండ అంచు ఎక్కడుందో సుద్దముక్కతో నేల మీద గీయండి. 11 గీతలు రావాలి. మట్టి నేలైతే పుల్లలు గుచ్చండి. మొక్క పెట్టే చోట ఎండ 3 గంటలైనా నిలిస్తే పూలమొక్క, అసలు పడకపోతే ఫెర్న్. గీతల ఫొటో పంపండి, ఐదో పాఠం వాటితోనే మొదలుపెడతాను.