విజయనగరంలో సాయంత్రం తిరుగుతారా? ఒక్క ప్లేటే చెప్పండి

స్నేహితుణ్ణి విజయనగరం తీసుకొస్తే బండి పక్కన పెట్టేసి మూడు లాంతర్ల కూడలి నుంచి నడవండి. ఊరి దేవత పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుని కోట వైపు వెళ్లండి. అమ్మవారి జాతరలో సిరిమాను, అంటే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, తిరిగే దారి అదే. 1713లో పునాది పడిన కోట గోడల్ని సందెవెలుగులో చూడాలి. ఆపైన గంటస్తంభం బజారు.

తిండి మాత్రం ఎక్కడా రెండు ప్లేట్లు చెప్పొద్దు. ఒకటే తీసుకుని పంచుకుంటేనే నాలుగైదు బళ్ల రుచి తెలుస్తుంది. మురీ (మరమరాల) మిక్చర్ అయితే ఉల్లిపాయ, టమాటా వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకా కలిపి పొట్లం చేతికివ్వగానే అక్కడే నిలబడి తినేయండి. కబుర్లలో పడితే మురీలు మెత్తబడిపోతాయి, ఆ కరకర మళ్లీ రాదు.

దసరా తర్వాత వచ్చే సిరిమాను మంగళవారం మాత్రం ఇలా కుదరదు, కాలు పెట్టే చోటుండదు.