ఫ్యామిలీ గ్రీన్‌కార్డు కేసు కదలట్లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

"అక్క ఎప్పుడో వేసింది, ఇంతవరకూ అతీగతీ లేదు" అనే వాళ్లలో చాలామందికి కేసు ఏ ఆఫీసులో ఉందో తెలియదు. ముందు అది తేలాలి. అమెరికాలోని బంధువు వేసిన ఐ-130 పిటిషన్‌ను మొదట యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) చూస్తుంది. అప్రూవ్ అయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి (ఎన్‌వీసీ), అక్కడి నుంచి ఇంటర్వ్యూ జరిగే కాన్సులేట్‌కి వెళ్తుంది. తెలుగువాళ్ల ఫ్యామిలీ కేసుల్లో ఎక్కువ భాగం ముంబై కాన్సులేట్‌వే. ఈ మూడు మెట్లకూ సంబంధం లేకుండా స్టేట్ డిపార్ట్‌మెంట్ ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతూ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్ ఒకటి ఉంది. ఆలస్యం చాలాసార్లు ఆఫీసుల్లో కాదు, ఆ బులెటిన్‌లో ఉంటుంది.

మూడు కాగితాలు దగ్గర పెట్టుకుని చదవండి: ఐ-130 రసీదు (ఐ-797), ఎన్‌వీసీ పంపిన వెల్కమ్ లెటర్ వచ్చి ఉంటే అది, ఈ నెల బులెటిన్.

స్టేటస్ ఏళ్ల తరబడి "కేస్ వాజ్ రిసీవ్డ్" అనే చూపిస్తోంది

రసీదు నంబరు 13 అక్షరాలు: మూడు ఇంగ్లిష్ అక్షరాలు, పది అంకెలు. ఆన్‌లైన్ కేసులు ఐఓఈతో మొదలవుతాయి. పాత కాగితపు కేసుల్లో డబ్ల్యూఏసీ, ఈఏసీ, ఎల్ఐఎన్, ఎస్ఆర్‌సీ కనిపిస్తాయి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోసం వేసే ఎఫ్‌4 కేసయితే కంగారు పడక్కర్లేదు. వీసా దక్కడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టే పిటిషన్‌ను ముందే తేల్చాలన్న తొందర యూఎస్‌సీఐఎస్‌కి ఉండదు. అక్కడ పెండింగ్‌లో ఉన్నంతకాలం మీ స్థానం ఎక్కడికీ పోదు, ఎందుకంటే వరసలో మీ చోటు రసీదు మీదున్న ప్రయారిటీ డేట్‌ది (పిటిషన్ అందిన తేదీ), అప్రూవల్ తేదీది కాదు. పిల్లల వయసు లెక్కలో ఈ ఆలస్యం పైపెచ్చు మేలు చేస్తుంది. దాని సంగతి కింద వస్తుంది.

సిటిజన్ తన భార్య, భర్త లేదా తల్లిదండ్రుల కోసం వేసిన కేసయితే మాత్రం వదిలేయకూడదు. వాటికి కోటా లేదు, కాబట్టి యూఎస్‌సీఐఎస్ ఆలస్యం అచ్చంగా మీ ఆలస్యమే. ప్రాసెసింగ్ టైమ్స్ పేజీలో ఐ-130, మీ కేటగిరీ ఎంచుకుంటే ఏ రసీదు తేదీ దాటితే విచారించవచ్చో చెబుతుంది. ఆ తేదీ దాటాక పిటిషనర్ ఈ-రిక్వెస్ట్ పెట్టాలి. అంతకు ముందు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "వెయిట్ చేయండి" అన్న జవాబే వస్తుంది. అడ్రస్ మారిందేమో కూడా చూసుకోండి. అదనపు ఆధారాలు అడుగుతూ పంపిన ఆర్ఎఫ్ఈ పాత ఇంటికి వెళ్లి, గడువు దాటి కేసు కొట్టేస్తే, ఫీజు కట్టి మళ్లీ మొదటికి రావాల్సిందే.

అప్రూవ్ అయింది, ఆ తర్వాత చప్పుడు లేదు

ఇది కోటా వరస. సిటిజన్ల 21 దాటిన పెళ్లికాని పిల్లలు ఎఫ్‌1, గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలూ 21 లోపు పిల్లలూ ఎఫ్‌2ఏ, వాళ్ల పెళ్లికాని పెద్ద పిల్లలు ఎఫ్‌2బీ, సిటిజన్ల పెళ్లయిన పిల్లలు ఎఫ్‌3, తోబుట్టువులు ఎఫ్‌4. చట్టం ప్రకారం ప్రపంచం మొత్తానికి ఎఫ్‌4కి ఏడాదికి 65,000 వీసాలు, ఎఫ్‌1కీ ఎఫ్‌3కీ చెరో 23,400. తమ్ముడికి ఒక వీసా కాదు, తమ్ముడికీ మరదలికీ ఇద్దరు పిల్లలకీ కలిపి నాలుగు ఆ 65,000లోంచే పోతాయి. దీనికి తోడు ఏ దేశానికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి. అందుకే ఎఫ్‌4లో భారత్‌కి విడిగా ఒక వరస ఉంది, అది మిగతా ప్రపంచం కంటే వెనకబడి ఉంటుంది. 2025 బులెటిన్లలో భారత్ ఎఫ్‌4 తుది తేదీలు 2006 దగ్గర తచ్చాడాయి. మిగతా నాలుగు కేటగిరీల్లో మనకు వేరే తేదీ లేదు, అన్ని దేశాలకూ కలిపి ఇచ్చే "ఆల్ చార్జబిలిటీ" నిలువు వరసే చూడాలి.

బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి. డేట్స్ ఫర్ ఫైలింగ్‌లో మీ వంతు వస్తే ఎన్‌వీసీ ఫీజులు, పత్రాలు అడుగుతుంది. ఫైనల్ యాక్షన్ డేట్స్‌లో వస్తేనే వీసా ఇస్తారు. మీ ప్రయారిటీ డేట్ అక్కడున్న తేదీ కంటే ముందుదై ఉండాలి, అదే తేదీ అయితే చాలదు. మొదటి పట్టికలో డేట్ వచ్చిందని ఉద్యోగాలు మానేసి, ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లు ఉన్నారు. రెండో పట్టిక చేరడానికి ఇంకా నెలలో ఏళ్లో పట్టవచ్చు.

ఇంకెన్నేళ్లు అని లెక్కేసేటప్పుడు జాగ్రత్త. 2006లో వేసినవాళ్లకి 2025లో వచ్చింది కాబట్టి 2015లో వేసినవాళ్లకి 2034లో వస్తుందని అనుకోకండి. వరసలో మధ్య ఏళ్లలో ఎందరు చేరారన్న దాన్ని బట్టి నడక మారుతుంది. కావాలంటే గత మూడేళ్ల బులెటిన్లు తెరిచి, ఏడాదికి తేదీ ఎన్ని నెలలు ముందుకు జరిగిందో రాసుకోండి. మీ అంచనాకి అదే మెరుగైన ఆధారం.

కేసు నంబర్లో 2023 ఉంది, అదే మా సంవత్సరమా?

కాదు. ఎన్‌వీసీ నంబరును విప్పి చూద్దాం: బీఎంబీ2023645012. బీఎంబీ అంటే ముంబై. 2023 ఎన్‌వీసీ కేసు తెరిచిన ఏడాది. 645లోంచి 500 తీసేస్తే 145, అంటే ఆ ఏడాది 145వ రోజు, మే 25. చివరి 012 ఆ రోజు వరస సంఖ్య. ఇందులో ప్రయారిటీ డేట్ ఎక్కడా లేదు.

బులెటిన్ తేదీ వెనక్కి వెళ్లిపోయింది

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. కోటా అయిపోవస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో తేదీలు వెనక్కి లాగుతారు. దీన్నే రెట్రోగ్రెషన్ అంటారు. "యూ" అని పడితే ఆ ఏడాదికి వీసాలు లేనట్టు, "సీ" పడితే అందరికీ ఉన్నట్టు. మీరు చేయగలిగింది అక్టోబరు బులెటిన్ కోసం చూడటమే. ఎవరైనా డబ్బు తీసుకుని "ఎక్స్‌పెడైట్ చేయిస్తాం" అంటే నమ్మకండి. ఎక్స్‌పెడైట్‌తో ఫైలు త్వరగా చూడొచ్చేమో గానీ, లేని వీసా నంబరు పుట్టదు.

పత్రాలు అప్‌లోడ్ చేస్తే ఎన్‌వీసీ తిప్పి పంపుతోంది

ఇక్కడ పోయే నెలలు మన చేతిలోనివి. ఎన్‌వీసీ ఫీజులు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్‌కి (స్పాన్సర్ ఇచ్చే పోషణ హామీ, ఫారం ఐ-864) 120 డాలర్లు, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260కి మనిషికి 325. కట్టిన డబ్బు ఖాతాలో పడ్డాకే ఫారాలు తెరుచుకుంటాయి. తిప్పి పంపేది ఎక్కువగా వీటికే:

- పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్). స్థానిక పోలీస్ స్టేషన్ లేదా కమిషనరేట్ ఇచ్చిన కాగితం పనికిరాదు, పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకున్నదే కావాలి. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ అవసరం. గల్ఫ్‌లో ఏడాది, అంతకు మించి పనిచేసినవాళ్లు ఆ దేశం నుంచీ తేవాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ కేసుల్లో ఇదే పెద్ద జాప్యం, కాబట్టి అందరికంటే ముందు దీని పని మొదలుపెట్టండి.
- పుట్టిన సర్టిఫికెట్. పల్లెల్లో పుట్టిన పెద్దవాళ్లకి చాలావరకు నమోదే ఉండదు. పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, తల్లిదండ్రులో దగ్గరి బంధువులో ఇచ్చిన అఫిడవిట్లు, టెన్త్ మెమో కలిపి పెట్టాలి. టెన్త్ మెమో ఒక్కటే పెడితే తిరిగొస్తుంది.
- పెళ్లి సర్టిఫికెట్. గుడి రసీదు, శుభలేఖ, ఫోటోలు రుజువుకు బలమే గానీ సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్‌కి బదులు కావు.
- ఐ-864. సంతకం లేకపోవడం, తాజా ఏడాది టాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టకపోవడం, కుటుంబ సభ్యుల సంఖ్య తప్పుగా వేయడం. ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. లేకపోతే అమెరికాలో నివసించే సిటిజన్ లేదా గ్రీన్‌కార్డుదారు జాయింట్ స్పాన్సర్‌గా తమ ఐ-864 ఇవ్వాలి.

తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. వెనక వైపు ముద్ర ఉంటే అదీ స్కాన్ చేయాలి. ఇక ఇంటిపేరు చిక్కు: టెన్త్ మెమోలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పిటిషన్‌లో పెళ్లి తర్వాతి పేరు. డీఎస్-260లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, మిగతావన్నీ "వాడిన ఇతర పేర్లు" గడిలో వేయండి. ఆ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

డాక్యుమెంటరిలీ క్వాలిఫైడ్ అయ్యాం, ఇంటర్వ్యూ డేట్ రావట్లేదు

అంటే పత్రాలన్నీ సరిపోయాయని ఎన్‌వీసీ ఒప్పుకున్నట్టు. కోటా కేసయితే ఫైనల్ యాక్షన్ డేట్ వచ్చిందా చూడండి. రాకపోతే ఎంత క్వాలిఫైడ్ అయినా ఆగాలి. వచ్చినా, కోటా లేని కేసయినా, ఇక మిగిలింది ముంబైలో స్లాట్లు. క్వాలిఫైడ్ అయిన తేదీ వరసలో పిలుస్తారు. స్టేట్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లోని ఐవీ (ఇమిగ్రెంట్ వీసా) షెడ్యూలింగ్ స్టేటస్ టూల్‌లో ఏ నెలవాళ్లని పిలుస్తున్నారో కనిపిస్తుంది. ఈలోగా పీసీసీకి రెండేళ్లు దాటిపోతాయేమో గమనించండి.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది, సీఈఏసీలో (స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా కేసుల వెబ్‌సైట్) "రిఫ్యూజ్డ్" అని వచ్చింది

చేతిలో 221(జీ) కాగితం పెట్టారా? అయితే ఇది తుది తిరస్కరణ కాదు. పత్రమేదో తక్కువైనా, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో (అదనపు పరిశీలనలో) ఉన్నా సిస్టమ్ అదే పదం చూపిస్తుంది. కాగితంలో ఏది అడిగారో అదే, చెప్పిన పద్ధతిలోనే ఇవ్వండి. ఏడాదిలోగా ఇవ్వకపోతే కేసు ముగిసి మళ్లీ ఫీజు కట్టాల్సి వస్తుంది. ఏమీ అడగకుండా ప్రాసెసింగ్ అన్నారంటే ఆగడం తప్ప దారి లేదు.

వంతు వచ్చేసరికి అబ్బాయికి 21 దాటింది

ఆశ వదిలేయకముందు సీఎస్‌పీఏ (పిల్లల వయసు లెక్కకు ఉన్న అమెరికా చట్టం) ప్రకారం లెక్క వేయండి. ఫైనల్ యాక్షన్ డేట్స్‌లో మీ వంతు వచ్చిన నెల ఒకటో తారీఖు నాటి వయసులోంచి, ఐ-130 పెండింగ్‌లో ఉన్న కాలం తీసేయాలి. ఉదాహరణకు ఆ రోజుకి అబ్బాయికి 24 ఏళ్ల 2 నెలలు. పిటిషన్ రసీదు 2006 మార్చి 10, అప్రూవల్ 2010 సెప్టెంబరు 10, అంటే పెండింగ్ 4 ఏళ్ల 6 నెలలు. సీఎస్‌పీఏ వయసు 19 ఏళ్ల 8 నెలలు, వెళ్లొచ్చు. అదే పిటిషన్ ఎనిమిది నెలల్లో అప్రూవ్ అయి ఉంటే 23 ఏళ్ల 6 నెలలు, వెళ్లలేడు.

రెండు షరతులున్నాయి. వంతు వచ్చిన ఏడాదిలోగా ఆ పిల్లవాడి పేరు మీద కూడా డీఎస్-260 వేయాలి. అతనికి పెళ్లి కాకూడదు. వీసా చేతికొచ్చి విమానం ఎక్కేలోపు పెళ్లి చేసినా అర్హత పోతుంది, ముహూర్తాలు పెట్టేవాళ్లకి ముందే చెప్పండి. లెక్కలో 21 దాటితే పాత ప్రయారిటీ డేట్ వాడుకునే దారి ఎఫ్‌3, ఎఫ్‌4 పిల్లలకి లేదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తల్లిదండ్రులు వెళ్లి గ్రీన్‌కార్డు వచ్చాక ఎఫ్‌2బీ కొత్తగా వేయాలి.

స్పాన్సర్ సిటిజన్ అయ్యారు, లేదా ఇక్కడ పెళ్లయింది

భర్త సిటిజన్ అయితే ఎఫ్‌2ఏ కేసు కోటా లేని కేటగిరీకి మారుతుంది. నేచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ ఎన్‌వీసీకి పంపాలి. చాలామంది పడే గుంట ఒకటి ఇక్కడుంది: ఎఫ్‌2ఏలో తల్లి కేసులోనే పిల్లలూ వచ్చేవారు, కొత్త కేటగిరీలో రారు. ఒక్కో పిల్లకీ విడిగా ఐ-130 వేయాలి. ఎఫ్‌1లో ఉన్నవాళ్లకి పెళ్లయితే ఎఫ్‌3కి మారుతుంది, వరస పొడుగవుతుంది అంతే. ఎఫ్‌2బీలో ఉండగా, స్పాన్సర్ సిటిజన్ కాకముందే పెళ్లయితే పిటిషన్ రద్దవుతుంది.

ఎన్‌వీసీ నుంచి టెర్మినేషన్ నోటీసు వచ్చింది

వీసా అందుబాటులో ఉందని నోటీసిచ్చాక ఏడాది పాటు ఏ కదలికా లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే నిబంధన ఉంది. నోటీసు నుంచి రెండేళ్లలోగా, ఆలస్యం మీ చేతిలో లేని కారణం వల్లేనని చూపితే పునరుద్ధరిస్తారు. రాకుండా చూసుకోవడం తేలిక: కనీసం ఏడాదికోసారి సీఈఏసీలో లాగిన్ అవ్వండి, లేదా పబ్లిక్ ఎంక్వైరీ ఫారంతో రాయండి, ఈమెయిల్ మారితే వెంటనే చెప్పండి.

పిటిషనర్ చనిపోతే పిటిషన్ దానంతటదే రద్దవుతుంది. అప్పటికే అప్రూవ్ అయి ఉంటే మానవతా కారణాలతో పునరుద్ధరించమని యూఎస్‌సీఐఎస్‌ని అడగవచ్చు. మరణ ధ్రువపత్రంతో పాటు, దగ్గరి బంధువు ఒకరు ప్రత్యామ్నాయ స్పాన్సర్‌గా ఇచ్చిన ఐ-864 జత చేయాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల విచక్షణ. ఎఫ్‌4లాంటి పొడవాటి వరసలో అన్నకి అరవై దాటి ఉంటే, అమెరికాలోనే ఉన్న ఇంకో తోబుట్టువు సిటిజన్ అయితే ఆ రెండో వ్యక్తి చేత కూడా ఇప్పుడే ఒక ఐ-130 వేయించి పెట్టుకోవచ్చు, అందుకు అడ్డేమీ లేదు. దాని ప్రయారిటీ డేట్ మాత్రం వేసిన రోజు నుంచే మొదలవుతుంది.