కృత్రిమ జుట్టుతో జడలు అల్లించుకునే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

శ్రావణమాసపు పెళ్లిళ్లకు విశాఖ ఉక్కపోతలో కృత్రిమ జుట్టు కలిపి సన్న జడలు అల్లించుకోబోయేవారు, తల దురద మొదలయ్యాక బాధపడేకంటే ముందే వీటిని చూసుకోవాలి.

• అల్లుతున్నప్పుడే నుదుటి అంచున, కణతల దగ్గర నొప్పి పుట్టినా, పొక్కులు లేచినా, ఎంత సమయం పట్టినా సరే విప్పించి వదులుగా అల్లించుకోవాలి; కుదుళ్లపై ఈ లాగుడు నెలల తరబడి సాగితే అక్కడ ఊడిన జుట్టు ఒక్కోసారి మళ్లీ మొలవదు.

• కొత్త కృత్రిమ పోగులపై ఉండే రసాయనపు పూత కొందరి చర్మానికి పడదు కనుక, కొద్దిగా వెనిగర్ కలిపిన నీటిలో వాటిని నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. దురదను తగ్గించే ఈ సులువైన పనినే చాలామంది వదిలేస్తారు.

• తడి తలపై అల్లించుకోకూడదు. సముద్రపు గాలి తేమకు లోపలి కుదుళ్లు త్వరగా ఆరవు.

• చుండ్రు ఉన్నవారు ముందు దానిని తగ్గించుకోవాలి. నూనె దట్టంగా పట్టిస్తే దురద పోతుందన్నది మనలో బలంగా ఉన్న నమ్మకమే గానీ, చుండ్రుకు కారణమయ్యే మలాసీజియా అనే శిలీంధ్రం ఆ జిడ్డుపైనే పెరుగుతుంది.

• విప్పించుకునే తేదీని ముందే అనుకోవాలి. 6 నుంచి 8 వారాలు దాటనివ్వకూడదు.

• చీము, వాపు కనిపిస్తే జడలు విప్పి చర్మవైద్యులకు చూపించాలి.